యూనిఫాం వేసుకోవాలనుందా? పదో తరగతి నుంచే వేసుకోవాల్సిన లెక్కలు

పదిహేనేళ్ల పిల్లాడో పిల్లో "నేను ఆర్మీలో చేరతా" అనగానే ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. అమ్మ "మాకున్నది నువ్వొక్కడివేరా" అంటుంది. నాన్న "ముందు ఇంటర్ కానీ, తర్వాత చూద్దాం" అంటాడు. అమ్మ భయం సంగతి కాసేపాగి మాట్లాడుకుందాం. అసలు చిక్కు నాన్న మాటలోనే ఉంది. సైన్యంలోకి వెళ్లే ప్రతి దారికీ పుట్టిన తేదీతో ముడి ఉంటుంది. ఇంటర్ అయ్యాక చూద్దామని కూర్చుంటే, ఇంటర్‌లో ఉండగానే రాయాల్సిన పరీక్షల గడువులు దాటిపోతాయి. కళ్లజోడు నంబరు పెరుగుతుంది. రెండేళ్లు కుర్చీకి అతుక్కున్న ఒళ్లు మైలు పరుగుకే ఆయాసపడుతుంది.

అందుకే ఈ వ్యాసాన్ని పదో తరగతి, ఇంటర్ చదివేవాళ్ల కోసమే రాస్తున్నాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పిల్లలకు తెలివికి కొదవ లేదు, లెక్కల్లో మనవాళ్లకు ఎవరూ సాటి రారు. వెనకబడేది రాత పరీక్ష దాటాకే. కాబట్టి రాత పరీక్ష గురించి తక్కువ, మిగతా వాటి గురించి ఎక్కువ చెబుతాను.

మొదటి అడుగు: జవానా, ఆఫీసరా?

ఈ రెండూ ఒకే ఉద్యోగంలో రెండు మెట్లు కావు, రెండు వేర్వేరు జీవితాలు. ముందు ఇది తేల్చుకో.

జవానుగా వెళ్లాలంటే ఇప్పుడున్న దారి అగ్నివీర్. 2022 జూన్‌లో అగ్నిపథ్ పథకం వచ్చాక సైన్యం, నౌకాదళం, వాయుసేన మూడింటిలోనూ కింది ర్యాంకుల నియామకాలు దీని ద్వారానే జరుగుతున్నాయి. సర్వీసు 4 ఏళ్లు. ఆ తర్వాత బ్యాచ్‌లో 25 శాతం మంది వరకు శాశ్వత సర్వీసులోకి తీసుకుంటారు, మిగతావాళ్లు బయటికి రావాలి. జీతం మొదటి ఏడాది నెలకు 30,000, నాలుగో ఏడాదికి 40,000. అందులో 30 శాతం సేవానిధికి పోతుంది కాబట్టి మొదట్లో చేతికందేది 21,000. ప్రభుత్వం కూడా అంతే మొత్తం కలుపుతుంది, బయటికి వచ్చేటప్పుడు వడ్డీతో కలిపి దాదాపు 11.71 లక్షలు పన్ను లేకుండా వస్తాయి. 48 లక్షల జీవిత బీమా ఉంది. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు.

ఇది మంచిదా చెడ్డదా అని టీ కొట్టు దగ్గర గంటలకొద్దీ వాదించుకోవచ్చు. నా సలహా ఒక్కటే. అగ్నివీర్‌గా వెళ్తే, నాలుగేళ్ల తర్వాత ఏం చేస్తావో వెళ్లకముందే రాసిపెట్టుకో. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో మాజీ అగ్నివీరులకు కోటా ప్రకటించారు, పోలీసు ఉద్యోగాలున్నాయి, ఆగిన చదువు కొనసాగించొచ్చు. "ఆ 25 శాతంలో నేనుంటాలే" అన్న నమ్మకం ఒక్కటే చేతిలో పెట్టుకుని మాత్రం బయల్దేరకు.

ఆఫీసరు సంగతి వేరు. లెఫ్టినెంట్‌గా చేరినప్పుడే మూలవేతనం 56,100, దానిపైన సైనిక సేవా వేతనం 15,500, ఇతర భత్యాలు అదనం. ఇరవై రెండేళ్ల వయసుకే ముప్పై మంది జవాన్ల బాధ్యత నెత్తిన పడుతుంది. వాళ్లలో కొందరు నీకంటే పదిహేనేళ్లు పెద్దవాళ్లయి ఉంటారు. నీకు ఎవరైనా చెబితే చేయడం ఇష్టమా, నలుగురిని కూడగట్టి చేయించడం ఇష్టమా? నిజాయితీగా జవాబు చెప్పుకో. రెండూ గౌరవమైన పనులే. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని ఊరూవాడా మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. ప్రపంచ యుద్ధాల కాలం నుంచీ తరం తర్వాత తరం సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరది. అక్కడి నుంచి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది జవానులే.

రెండో అడుగు: పుట్టిన తేదీ పక్కన పెట్టుకుని తలుపులు లెక్కపెట్టు

ఒక కాగితం తీసుకుని పదో తరగతి మెమోలో ఉన్న పుట్టిన తేదీ పైన రాయి. ఆధార్‌లో ఉన్నది కాదు, మెమోలో ఉన్నది. యూపీఎస్సీ నమ్మేది దాన్నే. దాని కింద ఏ ఏడాది నీకు ఎన్నేళ్లు నిండుతాయో వరసగా వేసుకో.

ఐదు, ఏడు, ఎనిమిది తరగతుల్లో తమ్ముడో చెల్లో ఉంటే ముందు వాళ్ల సంగతి చూడు. సైనిక్ స్కూళ్లలో 6, 9 తరగతుల్లోకి జాతీయ స్థాయి పరీక్షతో ప్రవేశాలుంటాయి. ఆరో తరగతికి 10 నుంచి 12 ఏళ్లు, తొమ్మిదికి 13 నుంచి 15 ఏళ్లు ఉండాలి. మనకు విజయనగరం దగ్గర కోరుకొండ, రాయలసీమలో కలికిరి ఉన్నాయి. గల్వాన్‌లో 2020 జూన్‌లో ప్రాణాలిచ్చిన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు ఆరో తరగతి నుంచి కోరుకొండలో చదివి, అక్కడి నుంచి ఎన్‌డీఏకు (నేషనల్ డిఫెన్స్ అకాడమీ, మూడు దళాలకూ ఆఫీసర్లను తయారుచేసే సంస్థ) వెళ్లినవాడే. డెహ్రాడూన్‌లోని రాష్ట్రీయ ఇండియన్ మిలిటరీ కాలేజీలో ఎనిమిదో తరగతి ప్రవేశాలున్నాయి, ఏడాదికి రెండుసార్లు పరీక్ష పెడతారు. ఇప్పుడు వీటన్నిటిలోకీ ఆడపిల్లలనూ తీసుకుంటున్నారు.

నువ్వు ఆ వయసు దాటేశావా? బాధ లేదు. సైనిక్ స్కూలు ముఖం చూడకుండా ఆఫీసర్లయినవాళ్లే ఎక్కువ. నీ వయసుకు ఉన్న పెద్ద దారులు ఇవి.

*ఎన్‌డీఏ.* పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఉంది. కోర్సు మొదలయ్యే నాటికి వయసు 16½ నుంచి 19½ మధ్య ఉండాలి. పెళ్లి కాకూడదు. ఇంటర్ రెండో ఏడాది చదువుతూనే రాయొచ్చు. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది, మామూలుగా ఏప్రిల్‌లో ఒకటి, సెప్టెంబరులో ఒకటి. నోటిఫికేషన్లు నాలుగైదు నెలల ముందే వస్తాయి, అంటే ఏప్రిల్ పరీక్షకు డిసెంబరులోనే దరఖాస్తు. ఈ ఒక్క ముక్క తెలియక మొదటి అవకాశం పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ. ఎన్నిసార్లైనా రాయొచ్చు, వయసొక్కటే హద్దు. మామూలు వయసులో ఇంటర్ చదివేవాళ్లకు మూడు నాలుగు అవకాశాలు వస్తాయి. మూడేళ్లు ఖడక్‌వాస్లాలో చదువు, డిగ్రీ జేఎన్‌యూ ఇస్తుంది. ఆ తర్వాత మిగతా శిక్షణకు ఆర్మీవాళ్లు డెహ్రాడూన్‌లోని మిలిటరీ అకాడమీకి, నేవీవాళ్లు కేరళలోని ఎళిమలకు, ఎయిర్‌ఫోర్స్‌వాళ్లు మన దుండిగల్‌కు వెళ్తారు.

*టెక్నికల్ ఎంట్రీ స్కీమ్.* ఎంపీసీవాళ్లకు ఇదో చక్కని దారి, మన కాలేజీల్లో ఎవరూ చెప్పరు. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి 60 శాతం ఉండాలి, జేఈఈ మెయిన్ రాసి ఉండాలి. వేరే రాత పరీక్ష లేదు, షార్ట్‌లిస్ట్ చేసి నేరుగా ఎస్‌ఎస్‌బీకి (ఆఫీసర్లను ఎంపిక చేసే ఐదు రోజుల ఇంటర్వ్యూ) పిలుస్తారు. ప్రస్తుతం మగపిల్లలకే. శిక్షణతోపాటే ఇంజినీరింగ్ డిగ్రీ కూడా వస్తుంది. ఆ చదువు చెప్పే మూడు సైనిక కాలేజీల్లో ఒకటి సికింద్రాబాద్‌లోనే ఉంది. నేవీలో ఇలాంటిదే ఇంటర్ అయ్యాక బీటెక్ క్యాడెట్ ప్రవేశం. జేఈఈ మెయిన్ ర్యాంకుతో పిలుస్తారు, ఎంపీసీ సబ్జెక్టుల్లో 70 శాతం కావాలి, ఆడపిల్లలూ వెళ్లొచ్చు. జేఈఈ కోసం ఎలాగూ చదువుతున్నావు కదా, అదే ర్యాంకు ఇక్కడా పనికొస్తుంది.

*బైపీసీవాళ్లు.* పుణెలోని సైనిక వైద్య కళాశాల ఏఎఫ్‌ఎంసీకి దారి నీట్. ఆ పైన వాళ్ల సొంత పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. ఆడపిల్లలకు మిలిటరీ నర్సింగ్ సర్వీస్ బీఎస్సీ నర్సింగ్ కూడా నీట్ ద్వారానే.

*అగ్నివీర్.* వయసు 17½ నుంచి మొదలు. పై హద్దు ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకో, దళాన్ని బట్టి, ఏడాదిని బట్టి మారుతూ వచ్చింది. జనరల్ డ్యూటీకి పదో తరగతిలో మొత్తం మీద 45 శాతం, ప్రతి సబ్జెక్టులో 33 ఉండాలి. ముందు ఆన్‌లైన్ పరీక్ష, నెగ్గినవాళ్లకే ర్యాలీ, అంటే పరుగు, ఒంటి దారుఢ్య పరీక్షలు. 2025 నుంచి ఈ పరీక్ష తెలుగులోనూ రాయొచ్చు. తెలంగాణవాళ్లకు సికింద్రాబాద్, ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాలవాళ్లకు విశాఖపట్నం, రాయలసీమ, గుంటూరు, నెల్లూరు వైపువాళ్లకు గుంటూరు ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసులు.

ఆడపిల్లలకు ఓ మాట. 2021లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఎన్‌డీఏ తలుపు తెరుచుకుంది. 2022లో చేరిన మొదటి బ్యాచ్‌లోంచి 17 మంది 2025 మేలో పాసై బయటికొచ్చారు. సీట్లు మగపిల్లలతో పోలిస్తే చాలా తక్కువ, కటాఫ్ అంతకంతా గట్టిగా ఉంటుంది. అందుకని ఎన్‌డీఏతోపాటు నేవీ బీటెక్, డిగ్రీ తర్వాతి దారులూ మొదటినుంచే లెక్కలో పెట్టుకో. అన్నట్టు, భువనగిరిలో తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాలవాళ్లు ఆడపిల్లలకు సాయుధ బలగాల కోసమే ప్రత్యేకంగా డిగ్రీ కాలేజీ నడుపుతున్నారు.

మూడో అడుగు: ఇంటర్‌లో గ్రూపు, కాలేజీ

ఎంపీసీ తీసుకో. నేవీకీ, ఎయిర్‌ఫోర్స్‌కీ ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ తప్పనిసరి. ఎన్‌డీఏలో ఆర్మీ విభాగానికి ఏ గ్రూపైనా చాలంటారు. అది నిజమే, కానీ అందులో సగం మాటే ఉంది. ఏ గ్రూపువాళ్లయినా రాయాల్సింది అదే మ్యాథ్స్ పేపరు, 300 మార్కులకు. హెచ్‌ఈసీ చదివిన పిల్లాడు ఇంటర్ స్థాయి క్యాలిక్యులస్, త్రికోణమితి సొంతంగా నేర్చుకోవాలి. నేర్చుకున్నవాళ్లు ఉన్నారు, వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

కాలేజీ విషయంలో నా మాట చాలామంది తల్లిదండ్రులకు నచ్చదు. పొద్దున ఆరింటికి స్టడీ అవర్, రాత్రి పదింటికి స్టడీ అవర్, మధ్యలో మూడంతస్తుల భవనం, ఆట స్థలం లేదు, మాట్లాడితే తప్పు. ఇలాంటి రెసిడెన్షియల్ కాలేజీ జేఈఈ ర్యాంకు తెస్తుందేమో, ఎస్‌ఎస్‌బీలో వెతికే మనిషిని మాత్రం తయారు చెయ్యదు. పక్క ఊళ్లో గ్రౌండు, ఎన్‌సీసీ యూనిట్ ఉన్న ప్రభుత్వ జూనియర్ కాలేజీయో, గురుకులమో ఉంటే అదే మేలు. కార్పొరేట్ కాలేజీ తప్పదంటే కనీసం డే స్కాలర్‌గా ఉండు. పొద్దుటి గంటైనా నీ చేతిలో ఉంటుంది.

ఎన్‌సీసీ దొరికితే వదులుకోకు. స్కూల్లో ఏ, ఆ పైన బీ, సీ సర్టిఫికెట్లు. అగ్నివీర్ నియామకాల్లో వీటికి అదనపు మార్కులున్నాయి. డిగ్రీలో సీ సర్టిఫికెట్ కనీసం బీ గ్రేడుతో తెచ్చుకుంటే ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీలో రాత పరీక్ష లేకుండానే ఎస్‌ఎస్‌బీకి వెళ్లొచ్చు. సర్టిఫికెట్ కంటే క్యాంపులే ఎక్కువ పనికొస్తాయి. పదిరోజులు ఎవరెవరితోనో ఒకే టెంటులో పడుకుని, వచ్చీరాని హిందీలో గొడవపడి, మళ్లీ కలిసి వంట చేసుకున్నవాడు గ్రూప్ టాస్కుల్లో బిక్కమొహం వెయ్యడు.

నాలుగో అడుగు: ఒళ్లు

అగ్నివీర్ ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు ఉంటుంది. 5 నిమిషాల 30 సెకన్లలో ముగిస్తే పూర్తిగా 60 మార్కులు, ఆలస్యమైనకొద్దీ తగ్గుతాయి. పుల్‌అప్స్ 10 తీస్తే 40 మార్కులు. 9 అడుగుల గొయ్యి దూకాలి, వంకరటింకర బ్యాలెన్స్ దాటాలి. జనరల్ డ్యూటీకి మన రాష్ట్రాలవాళ్లకు ఎత్తు 166 సెంటీమీటర్లు, ఛాతీ 77, గాలి పీలిస్తే ఇంకో 5 పెరగాలి.

5:30 అంటే ఏమిటో చూద్దాం. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు చుట్లు, ఒక్కో చుట్టుకు 82 సెకన్లు, కాస్త పైన. మొదటి చుట్టు 70 సెకన్లలో తీసి, మూడో చుట్టులో పొట్ట పట్టుకుని కూలబడేవాళ్లు ప్రతి ర్యాలీలోనూ కనిపిస్తారు. కాబట్టి సాధన కూడా చుట్టు లెక్కనే చెయ్యి. మొదటి రెండు నెలలు వేగం జోలికి పోకు. వారంలో నాలుగు రోజులు, మాట్లాడుతూ పరిగెత్తగలిగే నెమ్మదితో 3, 4 కిలోమీటర్లు. మూడో నెల నుంచి వారంలో ఒకరోజు 400 మీటర్ల చుట్లు ఐదారు, ఒక్కోటి 90 సెకన్లలో, మధ్య రెండు నిమిషాలు నడక. అది తేలికయ్యాక 85కి, ఆ తర్వాత 80కి దించు. మిగతా రోజులు నెమ్మది పరుగే. రోజూ రేసు పెట్టుకుంటే మోకాలి కింద ఎముక నొప్పి పట్టుకుంటుంది, నెలరోజులు మంచానికి పరిమితం. సిమెంటు రోడ్డు మీద కాకుండా స్కూలు గ్రౌండులోనో, చెరువు కట్ట మీదో పరిగెత్తు. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారకముందే ముగించెయ్యి.

పుల్‌అప్స్ ఒక్కటీ రాకపోతే సిగ్గుపడాల్సిన పనిలేదు. ముందు కడ్డీకి వేలాడు, అర నిమిషం నిలబడేదాకా. తర్వాత స్టూలెక్కి గడ్డం కడ్డీ పైకి తెచ్చి, నెమ్మదిగా ఐదు లెక్కపెడుతూ కిందికి దిగు. ఇది వారంలో మూడు రోజులు. దిగడం వచ్చినవాడికి ఎక్కడం దానంతటదే వస్తుంది.

తిండికి ప్రొటీన్ డబ్బాలు కొనక్కర్లేదు. గుడ్లు, పప్పు, పల్లీలు, పెరుగు, రాగి జావ చాలు. రాత్రి రెండింటిదాకా ఫోన్ చూసి పొద్దున్నే పరిగెత్తాలనుకుంటే మాత్రం ఏ తిండీ ఆదుకోదు.

ఐదో అడుగు: మెడికల్ ముందే చూసుకో

ఎస్‌ఎస్‌బీ నెగ్గి, మెడికల్‌లో ఆగిపోవడం కంటే కడుపుమంట ఇంకోటి లేదు. పదో తరగతి సెలవుల్లోనే మంచి డాక్టరుకు చూపించుకో. ఎంత సాధన చేసినా బాగుపడనివి కొన్ని ఉన్నాయి, వాటి సంగతి పదిహేనేళ్లకే తెలిసిపోవాలి.

కళ్లు అన్నిటికంటే ముఖ్యం. రంగులు గుర్తుపట్టడంలో లోపం ఉంటే చాలా విభాగాలు మూసుకుపోతాయి, పైలట్ కలైతే పూర్తిగా. అరగంట పరీక్షతో తేలిపోతుంది, ఆ పరీక్ష చేయించుకోకుండా రెండేళ్లు కోచింగ్‌కు డబ్బు పోయకండి. కళ్లజోడు ఉన్నంత మాత్రాన అనర్హత కాదు, దళాన్ని బట్టి, విభాగాన్ని బట్టి పరిమితులుంటాయి. లేజర్ ఆపరేషన్‌తో వదిలించుకుందామని మాత్రం తొందరపడకు, 20 ఏళ్లలోపు చేయించుకున్నది చెల్లదు.

నిలబడితే మోకాళ్లు రాసుకోవడం, పాదం పూర్తిగా చదునుగా ఉండటం, ముక్కు లోపలి ఎముక వంకర, మగపిల్లల్లో వరికోసీల్ (వృషణాల దగ్గర నరాలు ఉబ్బడం), హైడ్రోసీల్ (అక్కడ నీరు చేరడం). ఎక్కువమందిని ఆపేవి ఇవే. కొన్నిటికి చిన్న ఆపరేషన్ సరిపోతుంది, కానీ మెడికల్‌కు నెలల ముందే చేయించుకుని గాయం మానాలి. చెవిలో గుబిలి ఉందని కూడా తాత్కాలికంగా ఆపేస్తారు, బడ్స్ పెట్టి కెలక్కుండా వారం ముందు ఈఎన్‌టీ దగ్గర తీయించుకో. ఆడపిల్లలు హిమోగ్లోబిన్ చూసుకోవాలి. అది రెండు వారాల మందులతో పెరిగేది కాదు, నెలలు పడుతుంది.

టాటూ. శాశ్వత పచ్చబొట్టు ముంజేతి లోపలివైపు, అరచేతి వెనక తప్ప ఇంకెక్కడా ఒప్పుకోరు. గిరిజన సంప్రదాయ పచ్చబొట్లకు మినహాయింపు ఉంది. జాతరలో సరదాపడి మెడ మీద వేయించుకున్న బొమ్మకు ఏ మినహాయింపూ లేదు.

ఆరో అడుగు: రాత పరీక్ష

ఇది మనవాళ్లకు తెలిసిన విద్యే కాబట్టి క్లుప్తంగా. ఎన్‌డీఏలో రెండు పేపర్లు, ఒక్కోటి రెండున్నర గంటలు. మ్యాథ్స్ 120 ప్రశ్నలు, 300 మార్కులు. జనరల్ ఎబిలిటీ 150 ప్రశ్నలు, 600 మార్కులు, అందులో ఇంగ్లిష్ 200. తప్పు జవాబుకు మూడో వంతు కోత. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది, తెలుగులో ఉండదు.

లెక్క చూడు: మ్యాథ్స్ కంటే రెండో పేపరు రెట్టింపు. మన పిల్లలు జేఈఈ అలవాటుతో మ్యాథ్స్‌లో దూసుకెళ్లి, చరిత్ర, భూగోళం, ఇంగ్లిష్‌లలో చతికిలపడతారు. ఆ చరిత్ర, భూగోళం ఎనిమిది నుంచి పది దాకా నువ్వు ముక్కున పట్టి వదిలేసిన సోషల్ పుస్తకాల్లోదే. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఒకసారి శ్రద్ధగా తిరగెయ్యి, పాత పదేళ్ల ప్రశ్నపత్రాలు గడియారం పెట్టుకుని చెయ్యి. జేఈఈలో ఒక లెక్కకు రెండు మూడు నిమిషాలుంటే ఇక్కడ నిమిషంపావు. లెక్కలు తేలిక, చేయి మాత్రం చకచకా ఆడాలి. ఏప్రిల్ పరీక్ష ఇంటర్ పబ్లిక్ పరీక్షలకూ, ఈఏపీసెట్‌కూ (పాత ఎంసెట్) మధ్యలో పడుతుంది, వేరుగా సమయం దొరుకుతుందని ఆశపడకు.

ఏడో అడుగు: ఎస్‌ఎస్‌బీ, అసలు గట్టు

ఎన్‌డీఏలో రాత పరీక్షకు 900 మార్కులు, ఎస్‌ఎస్‌బీకి 900. ఐదు రోజులు అక్కడే ఉండాలి. బెంగళూరు, భోపాల్, ప్రయాగ్‌రాజ్, మైసూరు ఇలా ఎక్కడికైనా పిలుస్తారు, నేవీకి విశాఖలోనూ బోర్డు ఉంది. ఒక ప్రవేశానికి మొదటిసారి వెళ్తే రైలు ఛార్జీలు వాళ్లే ఇస్తారు, టికెట్ దాచుకో.

మొదటి రోజు స్క్రీనింగ్. తర్కం ప్రశ్నలు, తర్వాత మసకగా ఉన్న బొమ్మ ఒకటి 30 సెకన్లు చూపించి నాలుగు నిమిషాల్లో కథ రాయమంటారు. ఆ కథను గ్రూపులో నిమిషంలో చెప్పి, అందరూ కలిసి ఒక కథకు రావాలి. చాలామంది ఆ సాయంత్రమే ఇంటిదారి పడతారు. మిగిలినవాళ్లకు రెండో రోజు సైకాలజీ: బొమ్మల కథలు 12, ఒక్కో పదానికి 15 సెకన్ల చొప్పున 60 పదాలు, అరగంటలో 60 పరిస్థితులు, నీ గురించి నువ్వు రాసుకోవడం. తర్వాత రెండు రోజులు మైదానంలో తాళ్లు, చెక్కలు, డ్రమ్ములతో గ్రూప్ టాస్కులు, చర్చలు, మూడు నిమిషాల ప్రసంగం. మధ్యలో ఇంటర్వ్యూ. చివరి రోజు బోర్డంతా కూర్చున్న కాన్ఫరెన్స్.

దీనికి కోచింగ్ ఉంటుందా? ఉంటుంది. వరస ఎలా ఉంటుందో తెలుస్తుంది, కంగారు తగ్గుతుంది. అంతవరకే. అక్కడ నీ రాతలు చదివే సైకాలజిస్టు ఒకరు, మైదానంలో చూసేవారు ఒకరు, ఇంటర్వ్యూ చేసేవారు ఒకరు. ముగ్గురూ విడివిడిగా అంచనా వేసి, చివరికి పక్కపక్కన పెట్టి చూస్తారు. కథలో హీరో ఊరందరినీ వరదలోంచి కాపాడేసి, మైదానంలో నువ్వు పక్కవాడి చెక్క పట్టుకోకుండా చేతులు కట్టుకుని నిలబడితే దొరికిపోతావు. యూట్యూబ్ చూసి బట్టీపట్టిన కథలు వాళ్లు రోజూ డజన్లకొద్దీ చదువుతుంటారు.

అందుకే దీని తయారీ పదిహేనేళ్ల వయసులోనే, ఇంటి చుట్టూనే మొదలవ్వాలి. వాలీబాల్, కబడ్డీ, ఏదో ఒక జట్టు ఆట వారానికి మూడుసార్లు ఆడు. వీధిలో వినాయకచవితి పందిరికి చందాలు లెక్కరాసే పని నువ్వు తీసుకో, ఆఖరి రోజు పైసాతో సహా అప్పగించు. ట్రాక్టరు మాట్లాడటం, కరెంటాయనను పిలవడం, అలిగిన జట్టును కలపడం, ఇవన్నీ సరిగ్గా గ్రూప్ ప్లానింగ్‌లో అడిగేవే. ఇంటర్వ్యూలో "నువ్వెప్పుడైనా ఏదైనా నిర్వహించావా" అని అడిగినప్పుడు చెప్పుకోడానికి ఏదో ఉండాలి కదా.

ఇంటర్వ్యూ అంతా నీ గురించే. నాన్న పనేంటి, ఆదాయమెంత, తొమ్మిదిలో మార్కులెందుకు తగ్గాయి, మీ జిల్లాలో ఏ పంట ఎక్కువ, ఏ నది, మీ ఊరి సమస్య ఏమిటి, దానికి నువ్వేం చేస్తావు. నంద్యాల పిల్లాడికి శ్రీశైలం డ్యాం గురించి, నల్గొండ పిల్లకు ఫ్లోరైడ్ గురించి తెలియకపోతే వేరే ప్రపంచ విషయాలెన్ని చెప్పినా అతకదు. అబద్ధం ఒక్కటీ వద్దు. "తెలియదు సర్" అన్నందుకు ఎవరూ తియ్యరు.

ఇక ఇంగ్లిష్. తెలుగు మీడియం పిల్లలు ఎక్కువ భయపడేది దీనికే. వాళ్లకు కావాల్సింది సినిమా ఇంగ్లిష్ కాదు, ఆగకుండా, అర్థమయ్యేలా చెప్పే నాలుగు వాక్యాలు. రోజూ ఇంగ్లిష్ పేపర్లో ఒక వార్త గట్టిగా చదువు. పేపరు మూసి, అదే విషయం నీ మాటల్లో రెండు నిమిషాలు ఫోన్లో రికార్డు చెయ్యి. విను. మర్నాడు ఇంకోటి. ఏడాది చేస్తే నీ గొంతు నీకే కొత్తగా వినిపిస్తుంది. స్నేహితులు ముగ్గురు కలిస్తే చర్చలూ పెట్టుకోవచ్చు. హిందీ కూడా నేర్చుకుంటే మంచిది, ఎస్‌ఎస్‌బీ కోసం కాదు, రేపు నీ కింద పనిచేసే జవాను నీతో మాట్లాడేది అందులోనే.

ఎనిమిదో అడుగు: కాగితాలు, దళారులు

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఉన్న తలనొప్పి ఇంటిపేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరం, బ్యాంకు పుస్తకంలో చివర. తండ్రి పేరుకూ ఇదే తంతు. ధ్రువపత్రాల పరిశీలనలో అఫిడవిట్ల కోసం పరుగులు పెట్టేకంటే ఇప్పుడే ఆధార్‌ను మెమోకు సరిపోయేలా మార్పించుకో. కులం, నివాస ధ్రువపత్రాలు మీసేవలోనో, సచివాలయంలోనో ముందే తీసుకో. ర్యాలీకైతే స్కూలు నుంచి ప్రవర్తన పత్రం, సర్పంచ్ ఇచ్చే అవివాహిత ధ్రువపత్రం కూడా అడుగుతారు. వాటికి గడువు ఉంటుంది, మరీ ముందు తీసుకుంటే చెల్లవు.

ర్యాలీ తేదీలు రాగానే ఊళ్లోకి ఒకాయన దిగుతాడు. లోపల మనిషి ఉన్నాడంటాడు, సగం ఇప్పుడు, సగం సెలక్షన్ అయ్యాక అంటాడు. నీ ప్రతిభతో నువ్వు సెలక్టయితే ఆ గొప్ప తనదేనని మిగతా సగం అడుగుతాడు, కాకపోతే ఫోన్ ఎత్తడు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వకండి. ఊరి డిఫెన్స్ అకాడమీ సెలక్షన్ గ్యారంటీ అని బోర్డు పెడితే ఆ గడప తొక్కకండి.

తొమ్మిదో అడుగు: అమ్మతో మాట్లాడటం

"ఏం కాదులేమ్మా" అనకు. అవుతుందని ఆవిడకూ తెలుసు, నీకూ తెలుసు. ప్రమాదం ఉన్న ఉద్యోగమే. ఎన్‌డీఏలో చదువు, తిండి, బస ప్రభుత్వానివే, కానీ సొంత కారణాలతో మధ్యలో మానేస్తే శిక్షణ ఖర్చు కట్టాల్సి వస్తుందని తల్లిదండ్రులు బాండు రాస్తారు. శిక్షణలోనే గాయపడి బయటికొచ్చేవాళ్లూ ఉంటారు. ఇవన్నీ నువ్వే ముందు చెప్పు. తర్వాత వేరేవాళ్లు చెబితే ఆవిడ నిన్నిక నమ్మదు. వీలైతే మీ మండలంలో మాజీ సైనికుడి ఇంటికి ఇద్దరినీ తీసుకెళ్లు. ఆయనతో నాన్న మాట్లాడనీ, ఆయన భార్యతో అమ్మను ఒంటరిగా మాట్లాడనీ. సెలవులు, బదిలీలు, పిల్లల చదువులు, రాత్రిపూట ఫోన్ రాని రోజులు, ఇవి ఆవిడకు తెలిసినంత నీకూ నాకూ తెలియవు.

పదో అడుగు: రాకపోతే

ఎన్‌డీఏ సీట్లు ఒక్కోసారికి సుమారు 400. రాసేది లక్షల్లో. కాబట్టి చదువు ఆపి కూర్చోకు, బీటెక్కో డిగ్రీయో చేరు, ఎన్‌సీసీ తీసుకో. డిగ్రీ అయ్యాక యూపీఎస్సీ పెట్టే సీడీఎస్ పరీక్షతో డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీకి 24 ఏళ్ల దాకా, చెన్నైలోని ఓటీఏకు (ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ) 25 దాకా అవకాశం ఉంది. ఎయిర్‌ఫోర్స్‌కు ఏఎఫ్‌క్యాట్ అనే సొంత పరీక్ష, ఇంజినీర్లకు నేరుగా టెక్నికల్ ప్రవేశాలు వేరే. ఓటీఏ దారి షార్ట్ సర్వీస్, 10 ఏళ్లు, ఇంకో 4 పొడిగించుకోవచ్చు, ఆ తర్వాత పింఛను ఉండదని గుర్తుపెట్టుకో.

మెడికల్‌లో తాత్కాలికంగా ఆపేస్తే కుంగిపోకు. 42 రోజుల్లోపు అప్పీల్ మెడికల్ బోర్డుకు వెళ్లొచ్చు, ఏ ఆసుపత్రికి వెళ్లాలో అక్కడే చెబుతారు. కాగితం చేతికి రాగానే అదే రోజు స్పెషలిస్టును కలువు, తేదీలు దాటితే ఎవరూ ఏమీ చెయ్యలేరు.

ఎస్‌ఎస్‌బీలో కాన్ఫరెన్స్ దాకా వెళ్లి వెనక్కి వచ్చావనుకో. రైలెక్కగానే నోట్‌బుక్ తియ్యి. ఏ టాస్కులో ఏం చేశావు, గ్రూపులో ఎవరు నీ మాట విన్నారు, ఎక్కడ నోరు పెగల్లేదు, ఇంటర్వ్యూలో ఏ ప్రశ్నకు తడబడ్డావు, అన్నీ ఊరు చేరేలోగా రాసెయ్యి. వారం తర్వాత రాస్తే జ్ఞాపకానికి సాకులు కలిసిపోతాయి. అందులోంచి రెండు లోపాలు ఎంచుకుని వచ్చే ఆరునెలలు వాటి మీదే పనిచెయ్యి. తర్వాతి నోటిఫికేషన్ దరఖాస్తు గడువును ఆ పేజీలోనే కింద రాసిపెట్టుకో.